అనస్తాసియా బతికి బయటపడిందా?

రష్యా చివరి జార్ (చక్రవర్తి) రెండో నికోలస్ చిన్న కూతురు అనస్తాసియా గురించి వ్యాసం రాస్తూ, కుటుంబమంతా హత్యకు గురైనప్పుడు ఆమె తప్పించుకుందా అని అడిగారు. మీ దగ్గరున్న పాత పుస్తకం ఆమె తప్పించుకుందంటోంది, కొత్త వ్యాసం కాదంటోంది. కొత్తదాన్నే నమ్మండి. ఎవరూ బయటపడలేదు.

1918 జులై 16 అర్ధరాత్రి దాటాక యెకతెరిన్‌బర్గ్‌లోని ఇపాతియెవ్ ఇంటి నేలమాళిగలో జార్ కుటుంబంలోని ఏడుగురినీ, వైద్యుడితో సహా నలుగురు సహాయకులనూ చంపేశారు. మొత్తం 11 మంది. అయితే 1991లో తవ్విన గోతిలో తొమ్మిది అస్థిపంజరాలే దొరికాయి. యువరాజు అలెక్సీ, ఒక కూతురు లేరు. మీ పుస్తకం 1991 తర్వాత, ఆ ఇద్దరి ఎముకలు దొరకకముందు వచ్చినదై ఉండాలి.

2007లో అక్కడికి దాదాపు 70 మీటర్ల దూరంలో కాలిన ఎముకల ముక్కలు బయటపడ్డాయి. డీఎన్ఏ పరీక్షలో అవి ఆ ఇద్దరివేనని తేలింది. ఆ కూతురు మరియా లేక అనస్తాసియా అన్న వాదన ఇంకా ఉంది, కానీ నలుగురు అక్కచెల్లెళ్ల లెక్కా సరిపోయింది.

జార్ భార్య, రాణి అలెగ్జాండ్రా ఎముకలను గుర్తించిన తీరు నాకెంతో ఇష్టం: ఆమె సొంత అక్క మనవడు, బ్రిటన్ యువరాజు ఫిలిప్ ఇచ్చిన రక్తంతో పోల్చారు. తల్లి వైపు నుంచి మాత్రమే సంక్రమించే డీఎన్ఏ ఇద్దరిలోనూ ఒకటే.

తానే అనస్తాసియానని చెప్పుకున్న అన్నా ఆండర్సన్ 1984లో మరణించింది. ఆస్పత్రిలో భద్రపరిచిన ఆమె కణజాలాన్ని తర్వాత పరీక్షిస్తే రాజకుటుంబంతో ఏ సంబంధమూ లేదని తేలింది. మీ వ్యాసంలో ఆమెను వారసురాలిగా రాయకండి.