అందరూ ఆహ్వానితులే

యూనివర్సిటీలో, కాలేజీల్లో జరిగే సభలు, సదస్సులు, పోటీల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న విశ్రాంత తెలుగు అధ్యాపకురాలి జవాబులు.

ప్రశ్న: అమ్మగారూ, మా పెద్దమ్మాయికి ఈ ఏడు నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు వచ్చింది. వారానికో సభ ఉంటుందట. నేను ఇంటర్‌తో చదువు ఆపేసి మగ్గం పనిలో పడ్డాను. నాకూ వెళ్లి ఓ మూల కూర్చుని వినాలని ఉంది. బయటివాళ్లను రానిస్తారా? నేను వస్తే అమ్మాయికి నామోషీగా ఉంటుందేమోనని అడగలేకపోతున్నాను.
– ఓ తల్లి, మంగళగిరి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నానమ్మా. ముందు జవాబు చెప్పేస్తాను: వెళ్లండి. ఓ మూల కాదు, మూడో వరసలో కూర్చోండి. మొదటి రెండు వరసలూ అతిథులకు ఉంచుతారు. మూడో వరసలో అయితే తెర మీద వేసే అక్షరాలు కనిపిస్తాయి, మైకు సరిగా లేకపోయినా మాట వినిపిస్తుంది.

ఆహ్వాన పత్రిక అడుగున 'అందరూ ఆహ్వానితులే' అని ఉంటుంది చూశారా, అది ఊరికే వేసిన మాట కాదు. స్మారకోపన్యాసం సంగతే తీసుకోండి. ఎవరో తండ్రి పేరనో, చదువు చెప్పిన గురువు పేరనో యూనివర్సిటీకి కొంత సొమ్ము ఇస్తారు. దాన్ని బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో ఏటా ఒక పండితుణ్ణో శాస్త్రవేత్తనో పిలిచి మాట్లాడిస్తారు. ఆ సొమ్ము ఇచ్చినవాళ్ల కోరికే నలుగురూ వినాలని. అలాంటి చోట మీరు బయటివారు ఎలా అవుతారు? పుస్తకావిష్కరణలు, కవి సమ్మేళనాలు కూడా అంతే. జాతీయ సదస్సు అయితే కొంచెం తేడా. పరిశోధన పత్రం చదివేవాళ్లు డబ్బు కట్టి పేరు నమోదు చేసుకుంటారు. ఫైలు, భోజనం, సర్టిఫికెట్ వాళ్లకే. వినడానికి వస్తానంటే కాదనేవాళ్లు అరుదు. ఆహ్వాన పత్రికలో సదస్సు సంచాలకుల ఫోన్ నంబరు వేస్తారు, ముందురోజు ఒక్క మాట అడిగి వెళ్లండి. వర్క్‌షాపులకు మాత్రం పిలవకుండా వెళ్లొద్దు. అక్కడ ఇన్ని కుర్చీలు, ఇన్ని కంప్యూటర్లు అని లెక్క ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీలో భూగర్భజలాల మీద సదస్సు జరిగింది. నిజాంపట్నం వైపు నుంచి ఒక రైతు పేపర్లో చూసి వచ్చాడు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో లీటరు నీళ్ల సీసా. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. నేను అప్పుడే లోపలికి వెళ్తున్నాను. నా వెంట రమ్మని తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకున్నాను. పొద్దున్నంతా కదలకుండా విన్నాడు. ప్రశ్నలు అడగొచ్చు అనగానే లేచి సీసా పైకెత్తాడు. "అయ్యా, ఇవి మా బోరు నీళ్లు. పదేళ్ల కింద తాగేవాళ్లం. ఇప్పుడు నోట్లో పోసుకుంటే ఉప్పు. సముద్రం మా మీదికొస్తోందా, మేమే లాక్కుంటున్నామా?" అన్నాడు.

మాట్లాడుతున్న ప్రొఫెసరుగారు వేదిక దిగి వచ్చారు. సీసా అందుకుని వెలుగుకు పెట్టి చూశారు. ఏ ఊరు, బోరు ఎన్ని అడుగులు, చుట్టూ ఎన్ని బోర్లు ఉన్నాయి అని అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నారు. తర్వాత బోర్డు మీద బొమ్మ గీశారు. తీరం దగ్గర భూమిలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయని, పైనున్న మంచినీళ్లు తోడేకొద్దీ కింది ఉప్పునీళ్లు పైకి లేస్తాయని చూపించారు. ఆ రెండు రోజుల సదస్సులో ఇవాళ్టికీ నాకు గుర్తున్నది ఆ బొమ్మ ఒక్కటే. అప్పటినుంచి గేటు దగ్గర ఎవరైనా తటపటాయిస్తూ కనిపిస్తే నేను ఆగి అడుగుతాను.

అమ్మాయికి నామోషీ అని మీరే అనుకుంటున్నారు. ఒక్కసారి అడిగి చూడండి, ఆ పిల్లే మీకు సీటు పట్టి ఉంచుతుంది. ఇంకో మాట. కార్డు మీద పదింటికి అని ఉన్నా దీపం వెలిగించడం, ప్రార్థన, శాలువాలు అయ్యేసరికి పదకొండు దాటుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సగం హాలు ఖాళీ అవుతుంది. చాలామంది తమ సొంత పరిశోధన చెప్పేది ఆ పూటే. దయచేసి భోజనానికి లేచి వచ్చేయకండి.

ప్రశ్న: నాగార్జున యూనివర్సిటీకి ఆ పేరు నాగార్జునసాగర్ డ్యామ్ వల్ల వచ్చిందా?
– ఇంటర్ విద్యార్థి, పొన్నూరు

జవాబు: కాదు బాబూ. శూన్యవాదం చెప్పిన బౌద్ధ దార్శనికుడు ఆచార్య నాగార్జునుడి పేరది. ఆయన పేరుతోనే నాగార్జునకొండ, ఆ కొండ పేరు మీదుగా డ్యామ్. 1967లో గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైన చదువులు పెరిగి, 1976లో విడి యూనివర్సిటీ అయింది. ఆ ఏడు సెప్టెంబరు 11న అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. పేరు ముందు 'ఆచార్య' చేరింది 2004లో.

ప్రశ్న: మేడం, నేను ఎం.ఏ. తెలుగు రెండో ఏడు. జానపద సాహిత్యం మీద సదస్సుకు పత్రం పంపమన్నారు. మా అమ్మమ్మ పాడే నాట్ల పాటల మీద రాద్దామనుకుంటున్నాను. పత్రం ఎంత ఉండాలి? గ్రాంథికంగా రాయాలా? మైకు ముందు నిలబడటం తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– విద్యార్థిని, రేపల్లె

జవాబు: మంచి విషయం పట్టుకున్నావమ్మాయ్. ఊడుపు యంత్రాలు వచ్చాక ఆ పాటలు పాడే సందర్భమే తగ్గిపోతోంది. నువ్వు ఇప్పుడు రాయకపోతే నీ తర్వాతివాళ్లకు దొరకవు.

చదవడానికి పది నిమిషాలు ఇస్తారు. తాపీగా చదివితే పది నిమిషాల్లో వెయ్యి మాటలు పడతాయి, అంటే ఎ4 కాగితాలు నాలుగు. పుస్తకంలో అచ్చుకు ఇచ్చే వ్యాసం పెద్దది రాసుకో. మైకు దగ్గరికి మాత్రం ఆ నాలుగు కాగితాలే పట్టుకెళ్లు. ముందు మీ అమ్మమ్మకు చదివి వినిపించు. ఎక్కడ ఆవిడకు అర్థం కాలేదో అక్కడ నీ వాక్యం సరిగా లేదన్నమాట. భాష సంగతి అడిగావు. పిల్లలు మాట్లాడే తెలుగులోనే చదువుకోవాలని, రాసుకోవాలని గిడుగు రామమూర్తి పంతులుగారు ఒక జీవితకాలం పోట్లాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నిశ్చింతగా వాడుక భాషలో రాయి. పాటలో మాటను మాత్రం దిద్దొద్దు. అమ్మమ్మ 'సేను' అని పాడితే 'సేను' అనే రాయి.

కొల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గుర్తొస్తోంది. ఆమెవీ నాట్ల పాటలే. ఆ రోజు ఆ సమావేశానికి అధ్యక్షత నాది. మధ్యాహ్నం మూడు గంటలు, హాల్లో పదకొండు మందిమి ఉన్నాం. చేతిలో కాగితం వణుకుతోంది. పాట చదవకుండా పాడమన్నాను. పాడింది. గొంతు సర్దుకుంది, వణుకు పోయింది. అయ్యాక, ఈ పాట ఎవరి దగ్గర విన్నావు అని అడిగితే 'మా ఊరి ఆడవాళ్లు' అంది. పేర్లు రాసుకోలేదట. బయటికెళ్లి మీ అమ్మకు ఫోన్ చెయ్యి, ముగింపు సభ లోపల పేర్లు తీసుకురా అన్నాను. వరండాలో స్తంభానికి ఆనుకుని, సెమినార్ ఫైలు అట్ట మీద రాసుకొచ్చింది. ఏడుగురి పేర్లు, వయసులు, పుట్టిన ఊళ్లు, అందులో ముందు అందుకునేది ఎవరు, వంత పాడేది ఎవరు. ఇద్దరు పెళ్లయి లంక గ్రామాల నుంచి వచ్చినవాళ్లని అప్పుడే తెలిసింది. ఆ పాటలో రెండు మాటలు లంకల యాసలో ఎందుకున్నాయో దాంతో తేలిపోయింది. అచ్చయిన వ్యాసంలో ఆ ఏడు పేర్లూ ఉన్నాయి. నువ్వు ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు పాటకు ముందే పేరు, ఊరు, తేదీ అడిగి వాళ్ల గొంతుతోనే చెప్పించు.

డబ్బు గురించి ఒక జాగ్రత్త. నా విద్యార్థి ఒకడు పేరు నమోదుకు డబ్బు కట్టి ఎక్కడో సదస్సుకు వెళ్తే, రెండు నిమిషాల్లో ముగించమని సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేశారు. వాడు బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాడు. డబ్బు కట్టే ముందే ఎంతసేపు ఇస్తారు, ఒక్కో సమావేశంలో ఎంతమంది చదువుతారు అని అడుగు. ఒక పూటలో ముప్పై మంది అంటే ఇంకో సదస్సు చూసుకో. ఇంకో పని కూడా చెయ్యి. మీ విభాగంలో ఎవరిదైనా పీహెచ్‌డీ వైవా, అంటే మౌఖిక పరీక్ష ఉంటే వెళ్లి కూర్చో. అది తలుపులు వేసుకుని చేసేది కాదు. అడిగిన ప్రశ్నకు తెలిసినంత చెప్పి, తెలియకపోతే తెలియదని ఎలా అంటారో అక్కడ నేర్చుకోవచ్చు.

ప్రశ్న: మావాడు డిగ్రీ రెండో సంవత్సరం. యువజనోత్సవాలకు మైమ్ అంటూ రోజూ సాయంత్రం ఏడింటిదాకా కాలేజీలోనే ఉంటున్నాడు. మాటలు లేకుండా చేతులు ఊపే ఆటకు ఇంత సాధన ఎందుకు? చదువు పోతుందేమో అని మా భయం.
– ఓ తండ్రి, తెనాలి

జవాబు: మీ భయం నాకు అర్థమైందండీ. కానీ నాటకమంటే ప్రాణం పెట్టే ఊళ్లో ఉన్నారు మీరు, సాధన విలువ మీకు నేను చెప్పాలా? మూకాభినయానికి ఇచ్చేది ఐదు నిమిషాలు. వేదిక మీద ఆరుగురికి మించకూడదు. ఆ ఐదు నిమిషాల్లో మాట లేకుండా కథ మొదలై, నడిచి, ముగియాలి. లేని తలుపు ఒకడు తీస్తే, రెండోవాడు సరిగ్గా ఆ ఎత్తులోనే గొళ్లెం వెయ్యాలి. అది పదిరోజుల్లో కుదరదు.

కాలేజీల మధ్య పోటీలో నెగ్గితే యూనివర్సిటీ జట్టులోకి, అక్కడినుంచి భారత విశ్వవిద్యాలయాల సంఘం జరిపే దక్షిణ మండల ఉత్సవానికి, అక్కడా గెలిస్తే జాతీయ స్థాయికి వెళ్తారు. సంగీతం, నృత్యం, నాటకం, సాహిత్యం, లలిత కళలు అన్నీ ఉంటాయి. వేరే రాష్ట్రంలో వేరే భాషవాళ్ల ముందు నిలబడితే మైమ్‌కు అనువాదం అక్కర్లేదు, మీవాడి కథ అందరికీ అందుతుంది. చదువు వైపు మీరు చూడవలసింది హాజరు ఒక్కటే. 75 శాతం తగ్గకుండా చూసుకోమనండి. పోటీకి వెళ్లిన రోజులకు ప్రిన్సిపల్‌గారి దగ్గర లేఖ తీసుకుని విభాగంలో ఇమ్మనండి. ఆ పని పిల్లలు మరిచిపోతారు, తర్వాత పరీక్ష ఫీజు దగ్గర కంగారు పడతారు. వీలైతే ఒక సాయంత్రం వెళ్లి మీరూ సాధన చూడండి.

ప్రశ్న: రైల్వేలో చేసి రిటైరయ్యాను. సాయంత్రాలు ఖాళీ. ఈ విద్యా సంవత్సరంలో సభలకు గుర్తు పెట్టుకోవలసిన తేదీలు చెప్తారా?
– ఓ పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: క్యాలెండరు దగ్గర పెట్టుకోండి సార్. ఆగస్టు 29 పైన చెప్పాను. ఆ రోజు ప్రతి తెలుగు విభాగంలోనూ సభ ఉంటుంది, కొన్నిచోట్ల అవధానాలు కూడా పెడతారు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. నెహ్రూ పుట్టినరోజని ఆ తేదీ పెట్టారనుకుంటారు చాలామంది. నిజానికి 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది, దాని వెనుక గ్రంథాలయోద్యమం నడిపిన మన అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనిక ఉంది. అంతకు ఐదేళ్ల ముందు, 1914లో, తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగింది మీ బెజవాడలోనే. ఆ వారంలో ఒకరోజు రామమోహన గ్రంథాలయం మెట్లు ఎక్కి రండి. 1911 నాటిది.

పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు పెద్దల పక్కన కూర్చుని పంచరత్నాలు కలిసి పాడతారు, మీరూ గొంతు కలపొచ్చు. ఫిబ్రవరి 21 మాతృభాషా దినం. ఫిబ్రవరి 28 సైన్స్ డే, 1928లో రామన్ ఎఫెక్ట్ వెల్లడైన రోజు. ఆ రోజు చాలా కాలేజీల్లో ప్రదర్శనలు పెడతారు. మనవలు ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, డిగ్రీ పిల్లలు ఎంత ఓపికగా చెప్తారో.

అన్నిటికంటే ముఖ్యం నాకు జనవరిలో మీ విజయవాడ పుస్తక మహోత్సవం. దశాబ్దాల పాటు స్వరాజ్ మైదానంలో జరిగింది. జీతం రాగానే మా విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లేదాన్ని, దుమ్ములో తిరిగి తిరిగి చెప్పులు తెల్లబడేవి. ఆ మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. పుస్తకాల పండుగ వేరేచోటికి మారింది, 2025లో ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. సాయంత్రం సభల కోసం వెళ్లేవాళ్లు ఎటూ వెళ్తారు. మీరు మధ్యాహ్నమే వెళ్లండి, పాత పుస్తకాల దుకాణాల దగ్గర తీరిగ్గా కూర్చుని వెతుక్కోవచ్చు. ఇక రోజువారీ కబురు కావాలంటే దినపత్రిక జిల్లా పేజీలో 'నేటి కార్యక్రమాలు' చూడటం అలవాటు చేసుకోండి. వాట్సాప్‌లో వచ్చే కార్డులో తేదీతో పాటు సంవత్సరం కూడా చూసుకోండి, పాతవి తిరుగుతుంటాయి.

ప్రశ్న: గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన ఉందట. రాత్రి తిరిగి రావడం గురించి వార్డెన్ మేడం ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?
– నలుగురు స్నేహితురాళ్లు, గుంటూరు

జవాబు: ఆవిడ భయంలో తప్పులేదు తల్లీ, మీ నలుగురి బాధ్యతా ఆవిడ మీదే ఉంది. ఆహ్వాన పత్రిక తీసుకెళ్లి చూపించండి. నిర్వాహకులకు ఫోన్ చేసి ఎన్నింటికి అయిపోతుందో కనుక్కుని, మీ నంబర్లతో కాగితం మీద రాసివ్వండి. కళాక్షేత్రం నుంచి పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గరే, అక్కడ గుంటూరు బస్సులకు కొదవ లేదు. దిగాక హాస్టల్ దాకా వచ్చే ఆటో ముందే మాట్లాడి పెట్టుకోండి. తరంగం ఉంటే అది చూడకుండా మాత్రం లేవొద్దు. నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద కాళ్లు పెట్టి, పళ్లేన్ని కదిలిస్తూ తాళం తప్పకుండా ముందుకు వస్తుంటే, ముందు వరసల్లోవాళ్లకు ఆ పళ్లెం నేలకు ఒరుసుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ సంగతి మీ వార్డెన్ మేడంకు చెప్పి, ఆవిడను కూడా రమ్మని అడగండి.