తొలిరోజుల్లో ఇంట్లోనే రేడియో ఎలా చేసుకునేవారు?

1920ల్లో అమెరికాలో మామూలు జనం ఇంట్లోనే రేడియో ఎలా చేసుకున్నారని అడిగారు. ఎక్కువమంది చేసుకున్నది క్రిస్టల్ సెట్, అంటే ఖనిజపు స్ఫటికం ముక్కతో పనిచేసే చిన్న రేడియో. ఓట్స్ అట్టడబ్బాకు రాగితీగ చుడితే కాయిల్ అయ్యేది. ఇంటిమీద పొడవాటి తీగ ఏరియల్, నీళ్ల పైపుకు కట్టిన తీగ ఎర్త్. హెడ్‌ఫోన్ మాత్రం కొనాల్సిందే.

అసలు పనంతా గెలీనా అనే సీసపు ఖనిజం ముక్కది. సన్నటి తీగ మొనను దానిమీద అక్కడక్కడా ఆనిస్తూ, కరెంటును ఒకవైపే పోనిచ్చే చోటు వెతకాలి. అది దొరికితే చెవిలో పాట మొదలవుతుంది; బల్ల కదిలిందా, మళ్లీ మొదటికే! బ్యాటరీ అక్కర్లేదు, ఏరియల్ పట్టిన తరంగాల శక్తే చాలు. నాకు ఇప్పటికీ అబ్బురం అదే.

1922లో అక్కడి ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ ఈ తయారీ విధానాన్ని చిన్న పుస్తకంగా వేసింది. స్టేషన్ మరీ దూరమైతే మాత్రం వినపడటం కష్టం.