మామగారికి డ్రిల్లు సెట్టు కొనే ముందు ఆయన ఉలి ఒకసారి చూడండి

పదవీ విరమణ చేసిన మీ మామగారు ఇంట్లో చెక్కపని మొదలుపెట్టారనీ, పుట్టినరోజుకు 5,000 రూపాయల లోపు డ్రిల్లు సెట్టు ఇవ్వవచ్చా అనీ అడిగారు. ఇవ్వవద్దనే చెబుతాను.

నాలుగేళ్ల కిందట మా నాన్నగారికి నేను అచ్చంగా అదే కొన్నాను. పెద్ద పెట్టె, లోపల వందకు పైగా వస్తువులు. ఆరు నెలలకు ఆ పెట్టె అటక ఎక్కింది. స్క్రూ బిట్ల మొనలు అరిగి గుండ్రంగా తయారయ్యాయి, రంపం తిన్నగా కోయలేదు. నేను నొచ్చుకుంటానని నాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తరువాత ఒకరోజు ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చున్నాను. స్టూలు కాలికి బెజ్జం తొలుస్తున్నారు. మొద్దుబారిన ఉలి చెక్కను కోయకుండా నలిపేస్తోంది. జిగురు పూసిన పలకలను తాడుతో కట్టి, కదలకుండా పైన పొత్రం పెట్టారు. ఏం కొనాలో నాకు అప్పుడు తెలిసింది.

సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్లి, ఒకవైపు గరుకుగా, మరోవైపు నున్నగా ఉండే సానరాయి, పలకలను బిగించి పట్టే నాలుగు క్లాంపులు, మూల సరిగ్గా ఉందో లేదో చూసే ఒక మూలమట్టం తెచ్చాను. ఇవి ఆయన చేతిలో లేని రోజు లేదు. ఉలి వాలును 25 డిగ్రీలకు నూరి, చివరి అంచును 30 డిగ్రీలకు పట్టాలి, వెనుక వైపు బల్లపరుపుగా ఉండాలి. పదును కుదిరితే చెక్క పొడిగా రాలదు, పలచని పొరగా లేస్తుంది. మూలమట్టాన్ని దుకాణంలోనే పరీక్షించండి. తిన్నని పలక అంచుకు ఆనించి గీత గీయండి, తిరగేసి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకటైతేనే అది సరైన 90 డిగ్రీలు. విడిపోతే తీసుకోకండి. (మీ ఇంట్లో శనివారం ఇనుము కొనని పట్టింపు ఉంటే మరో రోజు వెళ్లండి.)

డ్రిల్లే ఇవ్వాలనుకుంటే, అది గోడకా చెక్కకా అన్నది ముందు తేల్చుకోండి. చెక్కకూ స్క్రూలకూ 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్లు సరిపోతుంది. ఇటుక గోడకు, తిరుగుతూనే కొట్టే ఇంపాక్ట్ డ్రిల్లు చాలు. అపార్ట్‌మెంట్‌లోని ఆర్‌సీసీ (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు) స్తంభానికో దూలానికో రంధ్రం వేయాలంటే అంతకన్నా బలంగా కొట్టే రోటరీ హామర్ కావాలి. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరో కంపెనీ యంత్రానికి పట్టదు కాబట్టి ఆయన దగ్గర ఇప్పటికే ఏదైనా ఉందేమో కనుక్కోండి. మీ అత్తగారిని అడిగితే పనిముట్ల పెట్టె ఫోటో తీసి పంపుతారు.

కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పక చేర్చండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తిరిగే డ్రిల్లు దగ్గర మాత్రం చేతి తొడుగులు వేసుకోనివ్వకండి, బిట్టుకు చుట్టుకుంటే వేళ్లను లాగేస్తుంది.

డబ్బు మిగిలితే దగ్గరలోని టింబర్ డిపోలో నాలుగు టేకు ముక్కలు కొనండి. నేను తెచ్చిన వాటిని నాన్నగారు ఆ సాయంత్రమే చిత్రిక పట్టారు. వాటితో చేసిన చిన్న పీట ఇప్పుడు మా దేవుడి గదిలో ఉంది.