వీధిలో కథలు చెప్పుకుంటే మనుషులు కలుస్తారా? మా కావలిలో చూసింది చెబుతా

ఒంగోలులో మీ వీధిలో అన్ని ఇళ్లున్నా ఎవరి తలుపు వాళ్లదే అని రాశారు. ఆదివారం సాయంత్రాలు అందరం కూర్చుని కథలు చెప్పుకుందామంటే "పనీపాటా లేదా" అని నవ్వారట. పెద్దవాళ్లు అసలు వస్తారా, పిల్లల్లో నిజంగా దయ పెరుగుతుందా అని అడిగారు. మాది కావలి. కొన్నాళ్లుగా మా మిద్దె మీద జరుగుతున్నది ఇదే కాబట్టి ధైర్యంగా చెబుతున్నా: వస్తారు. కాకపోతే నీతి కథలకు రారు. కథ ముగించి "దీన్నిబట్టి మనం తెలుసుకోవలసింది ఏమిటంటే" అన్నామో, పిల్లలు చెప్పులు వెతుక్కుంటారు, పెద్దలు ఫోన్లు తీస్తారు.

మా దగ్గర జనాన్ని కూర్చోబెట్టినవి వాళ్లకే జరిగిన సంగతులు. మా ఎదురింటాయనకు, పక్కింటి వాళ్లకు మురుగుకాలవ దగ్గర ఎప్పటి నుంచో తగాదా. ఒకరోజు ఆయన 2021 నవంబరు వరద గురించి చెప్పాడు. పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. నెల్లూరు ఆసుపత్రికని తల్లిని తీసుకుని బయల్దేరిన మనిషి కోవూరు దగ్గర ఇరుక్కుపోయాడు. ముక్కూమొహం తెలియని ఒక ఇంటివాళ్లు ఆమెకు మంచం వేసి, పప్పన్నం కలిపి పెట్టారట. "వాళ్ల పేరు కూడా అడగలేదబ్బా, ఆ టెన్షన్లో" అన్నాడు. అందరూ కాసేపు ఊరుకున్నారు. తర్వాత మాట్లాడింది ఎవరనుకున్నారు? ఆ పక్కింటావిడే. వాళ్ల పుట్టిల్లు తుమ్మలపెంట వైపు. 1989 నవంబరు తుపాను కావలి దగ్గరే తీరం దాటింది కదా, ఆ రాత్రి ఇంటి కప్పు ఎగిరిపోతే చంటిబిడ్డతో ఎవరింట్లో తలదాచుకుందో ఆమె చెప్పింది. కాలవ గొడవ ఇప్పటికీ తెగలేదు, అబద్ధం ఎందుకు. కానీ కేకలు తగ్గాయి. ఆయన తల్లికి బాగాలేనప్పుడు ఈవిడ వెళ్లి పలకరించి వచ్చింది.

నన్నడిగితే అసలు కిటుకు ఆ రెండో మనిషిలో ఉంది. మొదటి కథ ఎంత బాగున్నా అది వినోదమే. విన్నవాళ్లలో ఒకరు "మాకూ ఇట్టాగే అయింది" అని నోరు తెరిచినప్పుడు సంగతి మారుతుంది. అందుకని కథకూ కథకూ మధ్య తొందరపడి ఇంకొకరిని పిలవకండి. ఆ ఖాళీ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, ఉండనివ్వండి.

ఇది నా తెలివేం కాదు, మా జిల్లాలో పాత సంగతే. దూబగుంట సారా ఉద్యమం గురించి వినే ఉంటారు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల వాచకంలో, సారా వల్ల నలిగిపోయిన సీతమ్మ అనే ఆవిడ కథ ఒక పాఠంగా ఉండేది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట ఆ పాఠం విని మా ఇంట్లోనూ ఇదే కథ అనుకున్నారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ తర్వాత వాళ్లు చేసిన పనే మరో పాఠమై పక్క ఊళ్ల తరగతులకు వెళ్లింది. అక్కడి ఆడవాళ్లూ లేచారు. ముందు నిలబడిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. తర్వాత మద్యం విషయంలో ఏమైందో అందరికీ తెలుసు, అది వేరే చర్చ. వీధిలో కథలేంటని నవ్వేవాళ్లకు మాత్రం ఈ సంగతి చెప్పండి.

మా రొట్టెల పండగలోనూ జరిగేది ఇదే, మీరు వచ్చారో లేదో. మొహర్రంకు నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి నిలబడతారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని ఎవరి మొక్కు వాళ్లది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. మతం అడిగేవాళ్లు లేరు. రొట్టె చేతులు మారేలోపు "మాకు పిల్లలు లేకపోతే పోయినేడు ఇక్కడే తీసుకున్నాం, ఇదిగో పాప" అని మోకాలి లోతు నీళ్లలో నిలబడి చెప్పేస్తారు. తీసుకునేవాళ్ల మొహం అప్పుడు చూడాలి.

పిల్లల సంగతి వేరు. వాళ్లకు పోట్లాట ఉన్న కథ కావాలి. నేనైతే కాటమరాజు కథ ఎత్తుకుంటా, మన రెండు జిల్లాలకూ సొంతమైన కథ. కరువులో గొల్లల నాయకుడు కాటమరాజు ఆవుల మందలను తోలుకుని నెల్లూరు రాజు బీళ్లకు రావడం, మేపుకున్నందుకు కోడెదూడలు ఇస్తామని ఒప్పందం, అది చెడటం, పాలేటి ఒడ్డున యుద్ధం, నెల్లూరు రాజు సేనాని ఖడ్గతిక్కన పడిపోవడం. తప్పెవరిదో నేను చెప్పను. ఒకడు రాజు వైపు, ఒకడు గొల్లల వైపు చేరి గొంతులు పోయేలా వాదించుకుంటారు. మరుసటి వారం వైపులు మార్చి మళ్లీ వాదించమంటా. దయ పెరిగిందా అంటే కొలిచి చెప్పలేను. అవతలివాడి తరఫున మాట్లాడటం మాత్రం వచ్చింది, ఇంట్లో అన్నదమ్ముల తగువుల్లో కూడా.

మైక్ పెట్టొద్దు, మైక్ పట్టుకుంటే ప్రతివాడూ ఉపన్యాసమే. వీడియోలు అసలే వద్దు, ఫోన్ ఎత్తితే ఆడవాళ్లు నోరు మూసుకుంటారు. బహుమతులూ వద్దు. అక్కడ లేనివాళ్ల ఇంటి గుట్టు ఎవరైనా మొదలుపెడితే మొహమాటం లేకుండా ఆపండి, పార్టీల మాట వచ్చినా అంతే. వినేవాళ్లలో ఒకరికి ఊ కొట్టే పని అప్పజెప్పండి, మా దగ్గర దానికోసం పిల్లలు పోటీ పడతారు. దోమల బత్తీ మర్చిపోకండి. ఐపీఎల్ రోజుల్లో మొదలుపెట్టకండి, మొగవాళ్లు ఒక్కరూ రారు.

మొదటి వారం మీరు మాట్లాడకండి. అసోసియేషన్ ప్రెసిడెంటునూ పిలవొద్దు, అది మీటింగ్ అయిపోతుంది. మీ వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆయన ఉంటే ఆయన్ని పిలవండి. ప్రతి ఇంటికీ తెలిసిన మనిషి, ఎవరితోనూ తగాదా ఉండదు. ఏ ఊరి నుంచి వచ్చాడో, ఈ పనిలోకి ఎట్టా దిగాడో చెప్పమంటే చాలు.