బడి మాన్పించే ముందు క్రెడిట్లు లెక్కపెట్టించండి

అమెరికాలో పదకొండో తరగతి చదువుతూ రెండు సబ్జెక్టులు తప్పిన మీ అబ్బాయి, బడి మానేసి జీఈడీ (హైస్కూలు చదువుకు సమానంగా గుర్తించే పరీక్ష) రాస్తాననడానికి కారణం, డిప్లొమాకు (హైస్కూలు పూర్తిచేస్తే ఇచ్చే పట్టా) ఇంకా ఎన్ని క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే లెక్కలో చేరే యూనిట్లు) కావాలో ఎవరూ లెక్కగట్టి చెప్పకపోవడమే కావచ్చు.

1. చాలామంది వదిలేసే పని ఇదే: కౌన్సెలర్‌ను కలిసి ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల, క్రెడిట్ల రికార్డు) తీసుకుని, మిగిలిన క్రెడిట్ల వివరం రాతపూర్వకంగా అడగండి. తప్పినవాటిని వేసవి తరగతుల్లోగానీ, క్రెడిట్ రికవరీ (తప్పిన సబ్జెక్టును మళ్లీ చదివి క్రెడిట్ తెచ్చుకునే ఏర్పాటు) ద్వారాగానీ పూర్తిచేసే వీలుంటే, బడిలో కొనసాగడమే మేలని నా గట్టి అభిప్రాయం.

2. సైన్యంలో చేరాలనే కోరిక ఉంటే డిప్లొమాను వదలకండి. అక్కడ జీఈడీని రెండో శ్రేణిగానే చూస్తారు.

3. లోటు మరీ ఎక్కువైతే జీఈడీ రాయించండి. నాలుగు పరీక్షల్లోనూ విడివిడిగా 145 రావాలి. 18 ఏళ్లు నిండకపోతే, మీ రాష్ట్ర నిబంధనలు చూసుకున్నాకే బడిలో పేరు తీయించండి.