ఎల్‌ఎస్‌డీ జాబితాలో తేదీ, సమయం సరిగా కనబడాలంటే: కడప స్టూడియో అనుభవం

డిజైన్ ఫైళ్ళలో ఏది ముందు చేసినదో, ఏది తరువాత చేసినదో లినక్స్‌లో ఫోల్డర్‌లోని ఫైళ్ళను చూపే ఎల్‌ఎస్ కమాండ్ జాబితా చూసి తేల్చుకోలేకపోతున్నాననీ, దాని బదులు వాడే ఎల్‌ఎస్‌డీ అనే ప్రోగ్రామ్ వాడితే ఆ చిక్కు తీరుతుందా అనీ మీరు అడిగారు. కడపలో పెళ్ళి ఫొటోలు తీసే ఒక స్టూడియోలో కంప్యూటర్ పని చూస్తున్నాను. ఇదే చిక్కుతో ఒకసారి నష్టపోయాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

శ్రావణంలో దేవుని కడపలో జరిగిన ఒక పెళ్ళికి ఆల్బమ్ డిజైన్ వెంటనే పూర్తి చేశాము గానీ, పెళ్ళివారు మాఘం దాటాక అచ్చుకు పంపమన్నారు. ఫోల్డర్‌లో ఒకే రోజు పొద్దున చేసిన ఫైలు ఒకటి, సాయంత్రం వారు చెప్పిన మార్పులతో చేసినది ఒకటి ఉన్నాయి. ఎల్‌ఎస్ పొడవు జాబితాలో రెండింటికీ అదే తేదీ, పక్కన సంవత్సరం మాత్రమే కనబడ్డాయి. చివరి మార్పు జరిగి ఆరు నెలలు దాటితే గంట, నిమిషం తీసివేసి ఆ చోట సంవత్సరం చూపడం దాని మామూలు పద్ధతి అని అప్పటికి నాకు తెలియదు. జాబితాలో పైన ఉన్నదానిని పంపాను. అది పొద్దుటి ఫైలు. ఆల్బమ్ మొత్తం మా ఖర్చుతో మళ్ళీ అచ్చు వేయించవలసి వచ్చింది.

ఈ ఒక్క లోపానికే అయితే కొత్త ప్రోగ్రామ్ అక్కరలేదు. లినక్స్‌లో ఎల్‌ఎస్‌కు టైమ్ స్టైల్ అనే ఆప్షన్ ఉంది. దానికి లాంగ్ ఐఎస్‌ఓ అని ఇస్తే ఫైలు ఎంత పాతదైనా తేదీ, గంట, నిమిషం పూర్తిగా కనబడతాయి. అయితే మాకు అనుమతులు, యజమాని, గ్రూపు వంటి నిలువు వరుసలు (కాలమ్‌లు) ఎప్పుడూ అవసరం లేదు. పరిమాణం, సమయం, పేరు చాలు. ఏ వరుసలు ఉండాలో, ఏ క్రమంలో ఉండాలో ఒకసారి రాసి పెట్టుకునే వీలు ఉన్నందువల్లనే నేను ఎల్‌ఎస్‌డీకి మారాను.

దాని సెట్టింగుల ఫైలు హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్ అనే ఫోల్డర్ లోపల, ఎల్‌ఎస్‌డీ అనే ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ యామల్ అనే పేరుతో, యామల్ అనే సాదా అక్షరాల పద్ధతిలో ఉండాలి. లేకపోతే మీరే తయారుచేసుకోవచ్చు. అందులో బ్లాక్స్ అనే శీర్షిక కింద సైజ్, డేట్, నేమ్ అని ఒక్కొక్కటి ఒక్కొక్క పంక్తిలో రాయండి. పేరును చివర ఉంచడం మంచిది, ఎందుకంటే తెలుగు ఒత్తులు, గుణింతాల వెడల్పును టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) తప్పుగా లెక్కిస్తే పేరు తరువాత వచ్చే వరుసలన్నీ అటూ ఇటూ జరిగిపోతాయి. డేట్ దగ్గర రోజు, నెల, సంవత్సరం, గంట, నిమిషం, సెకను వచ్చే నమూనా ఇవ్వండి. ఎన్ని రోజుల క్రితమో చెప్పే రిలెటివ్ పద్ధతి చూడడానికి హాయిగా ఉన్నా, మీ అవసరానికి పనికిరాదు. సార్టింగ్‌లో కాలమ్‌ను టైమ్ అనీ, రివర్స్‌ను ట్రూ అనీ పెడితే అన్నిటికన్నా కొత్త ఫైలు అట్టడుగున, కర్సర్‌కు దగ్గరగా వస్తుంది. ఐకాన్ల కోసం ప్రత్యేకమైన ఫాంట్ కావాలి. అది లేనిచోట పేర్ల ముందు ఖాళీ డబ్బాలు కనబడతాయి కనుక ఐకాన్లను ఆపివేయండి.

ఫోల్డర్ల పరిమాణం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి పెళ్ళి ఫోల్డర్ పక్కన 4 కేబీ అని చూసి ఫొటోలన్నీ పోయాయని హడలిపోయాడు. అది ఫోల్డర్‌కు సంబంధించిన పరిమాణమే తప్ప లోపలి ఫైళ్ళ మొత్తం కాదు. మొత్తం కావాలంటే టోటల్ సైజ్ అనే ఆప్షన్ ఇవ్వాలి. అప్పుడు లోపలి ప్రతి ఫైలునూ లెక్కించవలసి ఉంటుంది కాబట్టి, బయటి హార్డ్ డిస్క్ మీద చాలా ఆలస్యమవుతుంది. అందుకే దానిని సెట్టింగుల్లో శాశ్వతంగా పెట్టకుండా, అవసరమైనప్పుడు మాత్రమే వాడుతున్నాను.

ఇంత అమర్చుకున్నా, అసలు ఫైలు మీది సమయమే మారిపోతే ఏ జాబితా కూడా నిజం చూపలేదు. సీపీ కమాండ్‌తో మామూలుగా కాపీ చేస్తే కొత్త ఫైలుకు కాపీ చేసిన సమయమే పడుతుంది. పాత సమయం నిలవాలంటే దానికి చిన్న పి ఆప్షన్ ఇవ్వండి, లేదా ఫైళ్ళను కాపీ చేసే మరో కమాండ్ ఆర్‌సింక్‌ను చిన్న ఎ ఆప్షన్‌తో వాడండి. మీ ఫైళ్ళు ఇప్పటికే అలా కాపీ అయి ఉంటే, అవి మొదట ఉన్న డిస్క్ మీదనే జాబితా తీసి చూడండి.