టెక్ సందేహాలు: గెలిచింది మీరు, ఓటీపీ చెప్పేది మీ కుర్రాడు

స్థానిక ఎన్నికలు అయ్యి నెల తిరక్కముందే నాకు ఒకే ఉత్తరం పది మంది దగ్గర్నుంచి వస్తుంది. 'కొత్తగా కౌన్సిలర్‌నయ్యాను. పొద్దున లేచింది మొదలు ఫోన్ మోగుతూనే ఉంది. మంచి ఫోన్ ఏదో చెప్పండి' అని. ఏదైనా కొనండి. మీ పదవీకాలం పూర్తయ్యేదాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చేదైతే చాలు. కెమెరాలెన్ని, తెర ఎన్ని మడతలు పడుతుంది అన్నవి నలుగురిలో చూపించుకోవడానికి పనికొస్తాయి, అంతే. మీకు రాబోయే తలనొప్పి ఆ ఫోన్ ఎంతమంది చేతుల్లో తిరుగుతోందో దాన్ని బట్టి ఉంటుంది గానీ, దాని మీద ఎవరి పేరుందో దాన్ని బట్టి కాదు. అందుకని ఈ వారం ప్రింటర్లవాళ్లనీ రౌటర్లవాళ్లనీ కాస్త ఆగమని, కొత్త ప్రతినిధుల ఉత్తరాలే ముందేసుకు కూర్చున్నాను.

ప్రశ్న: ప్రచార కరపత్రాల మీద వేయించింది నా సొంత నంబరే. ఇప్పుడు రెండో నంబరు తీసుకోవడం అవసరమా?

నామినేషన్ వేసిన రోజే తీసుకోవాల్సింది. వార్డంతటికీ తెలిసిన నంబరుకే బ్యాంకు ఖాతా, మెయిల్, ఫొటోల బ్యాకప్ అన్నీ ముడిపడి ఉంటే, బీరువా తాళంచెవి ఏ గూట్లో పెట్టారో మీరే అచ్చేయించి పంచినట్టు. కరపత్రం నంబరు మాత్రం మార్చొద్దు. గెలిచాక నంబరు మార్చేశాడన్న మాట పడతారు. దాన్ని జనానికే వదిలేసి, కొత్త నంబరు తీసుకుని బ్యాంకునూ మెయిల్‌నూ దాని మీదికి మార్చుకోండి. ఆ కొత్తది ఇంట్లోవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియనక్కర్లేదు. ఆ ఫోన్ మీ ఒక్కరి చేతిలోనే ఉండేటట్టయితే రెండు సిమ్‌లూ ఒకే ఫోన్లో ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: నా వాట్సాప్ మా కుర్రాళ్లు ముగ్గురు చూసుకుంటారు. మొన్న నా పేరు మీద వార్డు గ్రూపులన్నిటికీ 'అర్జెంటుగా డబ్బు కావాలి, సాయంత్రానికి పంపేస్తాను' అని మెసేజ్ వెళ్లింది. ఇద్దరు పంపారు కూడా. నా ఫోన్ హ్యాకైందా?

హ్యాక్ అనే మాట వినగానే చీకటి గదిలో కూర్చున్న మేధావి ఎవరో గుర్తొస్తాడు. మీ విషయంలో అంత శ్రమ ఎవరూ పడి ఉండరు. గుమ్మం తెరిచే ఉంది, నడిచి లోపలికొచ్చారు.

వాట్సాప్ ఖాతాను అసలు ఫోన్ కాక మరో నాలుగు పరికరాల్లో తెరుచుకోవచ్చు. సెట్టింగ్స్‌లో 'లింక్డ్ డివైసెస్' అని ఉంటుంది, ముందు అది చూడండి. ఎన్నికల ఆఫీసులో ఎవరిదో లాప్‌టాప్ ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. ప్రచారం ముగిసింది, ఆఫీసు ఖాళీ అయింది, లాప్‌టాప్ ఎవరింటికో వెళ్లిపోయింది, మీ సంభాషణలు మాత్రం దాంట్లో నడుస్తూనే ఉన్నాయి. అసలు ఫోన్లో 14 రోజులు యాప్ వాడకపోతే ఆ లింకులు వాటంతటవే తెగిపోతాయి. మీరేమో రోజుకు వందసార్లు తెరుస్తారు. తెగేదెప్పుడు? గుర్తుపట్టలేని పరికరం ప్రతిదాన్నీ లాగవుట్ చేయండి. గుర్తుపట్టినవాటిని కూడా ఓసారి చేసేయండి, అవసరమైనవాళ్లు వాళ్లే అడుగుతారు.

రెండోది ఆరంకెల కోడ్. కొత్త ఫోన్లో మీ నంబరుతో ఖాతా తెరవాలంటే ఆ కోడ్ కావాలి. మోసగాడు మీకు ఫోన్ చెయ్యడు, మీ ఫోన్ ఎత్తే కుర్రాడికి చేస్తాడు. 'సార్ని కమిటీ గ్రూపులో కలుపుతున్నాం, కోడ్ వచ్చింది చూడు తమ్ముడూ' అంటాడు. ఆ కుర్రాడికి సార్ పని తొందరగా అయిపోవాలి. చెప్పేస్తాడు. దీనికి విరుగుడు టూ స్టెప్ వెరిఫికేషన్. ఆరంకెల పిన్ మీరే పెట్టుకుంటారు, అది లేకుండా కోడ్ ఒక్కటే దొరికితే సరిపోదు. ఆ పిన్ కుర్రాళ్లకు చెప్పకండి. మీ పుట్టిన తేదీయో, గెలిచిన తేదీయో పెట్టకండి, రెండూ పేపర్లో వచ్చాయి.

నాకు అన్నిటికన్నా భయం వేసేది మూడోది. 'మీ పార్సిల్ ఆగిపోయింది, ఈ నంబరు డయల్ చేస్తే డెలివరీ మనిషికి కలుస్తుంది' అని ఫోన్ వస్తుంది. ఆ నంబరు *21* తోనో **21* తోనో మొదలవుతుంది. చాలా నెట్‌వర్క్‌లలో అది కాల్ ఫార్వర్డింగ్ మీట, అంటే మీకొచ్చే కాల్స్‌ను మరో నంబరుకు మళ్లించేది. నొక్కిన క్షణం నుంచి మీ కాల్స్ అన్నీ వాడికి పోతాయి. తర్వాత వాడు వాట్సాప్‌ను ఆ ఆరంకెల కోడ్‌ను మెసేజ్‌గా కాకుండా ఫోన్ కాల్‌లో వినిపించమని అడుగుతాడు. మీ కోడ్ వాడి చెవిలో పడుతుంది. *#21# నొక్కితే మళ్లింపు ఉందో లేదో తెలుస్తుంది, ##002# నొక్కితే అన్ని మళ్లింపులూ రద్దవుతాయి. ఇప్పుడే, ఇది చదువుతూనే చేసి చూడండి.

ఇన్ని జాగ్రత్తలు చెబుతుంటే పెద్దలు నాకొక సలహా ఇస్తారు, 'తెలియని నంబర్లు ఎత్తొద్దని చెప్పండి, సరిపోతుంది' అని. మిగతావాళ్లకు సరిపోవచ్చు. తెలియని నంబరు ఎత్తడమే కౌన్సిలర్ ఉద్యోగం. అర్ధరాత్రి నీళ్ల పైపు పగిలిందని చేసేవాడి నంబరు మీకు తెలిసి ఉండదు. పోనీ, ఫోన్‌ను కంటికి రెప్పలా కాపాడుకుంటారనుకోండి. 2019 ఆగస్టులో అప్పటి ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ ఖాతా నుంచే పిచ్చి రాతలు వెళ్లాయి. ఆయన ఫోన్‌ను ఎవరూ ముట్టుకోలేదు, టెలికాం సంస్థ దగ్గర ఆయన నంబరును తమ చేతికి తెచ్చుకున్నారు. నంబరును నమ్ముకుని కట్టిన తాళం అంతవరకే కాస్తుంది. మెయిల్‌కూ బ్యాంకుకూ వీలైన చోటల్లా మెసేజ్ ఓటీపీ బదులు, నంబరుతో పనిలేకుండా ఫోన్లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోమనేది అందుకే.

మరి ముగ్గురు కుర్రాళ్ల సంగతి? వాళ్లు లేకపోతే మీకు పని జరగదు, ఒప్పుకుంటాను. జనం నంబరును విడిగా ఒక మామూలు స్మార్ట్‌ఫోన్లో వేసి ఆఫీసు బల్ల మీద ఉంచండి. అర్జీలు, ఫిర్యాదులు అన్నీ దానికే. ఎవరు ఎప్పుడు చూస్తున్నారో ఒక పుస్తకంలో రాయించండి. మీ సొంత ఖాతా మీ ఒక్కరిదే. డబ్బు పంపిన ఆ ఇద్దరికీ మీరే స్వయంగా ఫోన్ చేసి సంగతి చెప్పండి, పోలీసులకు ఫిర్యాదు కూడా చేయించండి. గ్రూపులో 'నా ఫోన్ హ్యాకైంది, గమనించగలరు' అని పెట్టి చేతులు దులుపుకోకండి.

ఇక్కడ జవాబు పక్కన పెట్టి కాస్త మొర పెట్టుకుంటాను. ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లు ఒక మనిషి, ఒక నంబరు, ఒక ఫోన్ అన్న లెక్కలోనే ఉండిపోయారు. పదవి అనేదొకటి ఉంటుందని, అందులో ఇవాళ ఒకరు కూర్చుంటే రేపు ఇంకొకరు కూర్చుంటారని వాళ్ల బుర్రకు తట్టలేదు. వ్యాపారులకు వేరే యాప్ ఇచ్చారు, పిల్లలకు వేరే ఖాతా ఇచ్చారు. ఓట్లేసి ఎన్నుకున్న మనిషికి ఏమీ లేదు.

నవ్వొచ్చే ఉదాహరణ ఒకటి. ఇంగ్లండ్‌లో హ్యాండ్‌ఫోర్త్ అనే చోట పారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీలాంటిది, 2020 డిసెంబరులో వీడియో సమావేశం పెట్టుకుంది. అధ్యక్షుడికీ, సమావేశం నడపడానికి వచ్చిన జాకీ వీవర్‌కూ పడలేదు. ఆమె ఆయన్ను ఒక్క నొక్కుతో బయటి గదిలోకి పంపేసింది. ఆయన అప్పటికే తెర మీద తన పేరు చోట క్లర్క్ అని రాసేసుకున్నాడు. అక్కడ క్లర్క్ అంటే కౌన్సిల్ వ్యవహారాలు నడిపే అధికారి. తనను తాను క్లర్క్ అనుకుంటే ఆపే దారి లేదు కాబట్టి, ఇకనుంచి నన్ను బ్రిట్నీ స్పియర్స్ అనండి అందామె, అమెరికా పాప్ గాయని పేరు చెప్పి. రెండు నెలల తర్వాత ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆమె మాటలో సాఫ్ట్‌వేర్ తప్పే కనిపించింది. ఎవరికి ఏ అధికారం ఉందో నియమాల పుస్తకంలో ఉంటుంది. యాప్ దృష్టిలో మాత్రం మీట ఎవరి చేతిలో ఉంటే వాడే అధికారి.

రెండోదానికి నవ్వు రాదు. 2019 మేలో అమెరికాలోని బాల్టిమోర్ నగర పాలక సంస్థ కంప్యూటర్లను ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం, కట్టిపడేసింది. ఆఫీసు మెయిల్ ఆగిపోయింది. 13 బిట్‌కాయిన్లు అడిగితే నగరం ఇవ్వనంది. ఎలాగో పని జరగాలి కదా అని ఉద్యోగులు ఉచిత మెయిల్ ఖాతాలు తెరుచుకున్నారు. ఒకే చోటి నుంచి ఇన్ని ఖాతాలేమిటని అనుమానం వచ్చి, ఆ సేవ నడిపే యంత్రం వాటినీ మూసేసింది. తర్వాత తెరిచారనుకోండి. ఒక నగర పాలక సంస్థను ఆ యంత్రం స్పామ్ ముఠా కింద లెక్కేసింది. ఆఫీసు మెయిల్ నెమ్మదిగా ఉందని కొత్త కౌన్సిలర్లు అన్నీ సొంత మెయిల్‌కు మళ్లించుకుంటుంటారు. చెయ్యకండి. రేపు మీరు దిగిపోయాక ఆ ఉత్తరాలు ఎవరివన్న తగువు వస్తుంది.

ప్రశ్న: జనం వాట్సాప్‌లో గుర్తింపు కార్డులు, ఆసుపత్రి కాగితాలు పంపుతారు. నా ఫోన్లో స్టోరేజీ నిండిపోతోంది. ఏం చేయాలి?

స్టోరేజీ మీద మీకున్న బెంగలో సగం ఆ కాగితాల మీద ఉంటే బాగుండేది. వచ్చిన ప్రతి ఫొటో మీ గ్యాలరీలోకి, అక్కడి నుంచి క్లౌడ్‌లోకి, ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఖాతా ఉంటే మీ అబ్బాయి ట్యాబ్లెట్‌లోకి వెళుతోంది. ఒకావిడ తన జబ్బు సంగతి పక్కింటివాళ్లకు కూడా చెప్పుకోలేక మీకు పంపుకుంది. అది మీ అబ్బాయి ఆట మధ్యలో 'ఈ రోజు జ్ఞాపకం' అని తెర మీద పడుతుంది. జ్ఞాపకాల పేరుతో ఫొటోలు తవ్వి చూపించే ఈ అప్‌డేట్ల తెలివితేటలకు నేనెప్పుడో దణ్ణం పెట్టేశాను. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపండి, గ్యాలరీలో చూపించే సెట్టింగ్ కూడా ఆపండి. అర్జీ పని అయిపోగానే ఫొటో తీసేయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కాగితాన్ని 'సంబంధిత గ్రూపు'లోకి ఫార్వర్డ్ చేయడం మానండి. ఆ గ్రూపులో సంబంధం లేనివాళ్లే ఎక్కువ.

ప్రశ్న: ఎజెండా కాగితాల్లో పేర్ల మీద నల్ల గీత పెట్టి పీడీఎఫ్ పంపాను. ఎవరో పేర్లు చదివేశారు. ఎలా?

గీత పైన ఉంది, అక్షరాలు కిందే ఉన్నాయి. కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. 2019 జనవరిలో, ఒకప్పుడు ట్రంప్ ఎన్నికల ప్రచారం నడిపిన పాల్ మానాఫోర్ట్ న్యాయవాదులు అమెరికా కోర్టుకిచ్చిన పత్రంలోనూ ఇదే జరిగింది. పెద్ద లాయర్లే పడ్డారు కాబట్టి మీరు కుంగిపోనక్కర్లేదు. కాగితం ప్రింట్ తీసి, పేర్ల మీద తెల్ల కాగితం ముక్క అంటించి, స్కాన్ చేసి పంపండి.

ప్రశ్న: నా పేజీలో రోజూ ఒకాయన తిడుతున్నాడు. బ్లాక్ చేయొచ్చా?

అది మీ పేజీయా, మీ పదవి పేజీయా? ఇదే ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్ నగర పాలనాధికారి ఒకే ఫేస్‌బుక్ పేజీలో కుటుంబం ఫొటోలూ, నగరం కబుర్లూ కలిపి పెట్టి, విమర్శించినవాణ్ణి బ్లాక్ చేశారు. 2024 మార్చిలో కోర్టు ఏకగ్రీవంగా ఒక కొలత చెప్పింది. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఆ మనిషికి నిజంగా ఉండాలి, ఆ పోస్టులో ఆ అధికారాన్నే వాడుతున్నట్టు ఉండాలి. రెండూ ఉంటేనే అది సొంత పని కాక ప్రభుత్వ చర్య, వాక్‌స్వాతంత్ర్యపు నియమం దానికి వర్తిస్తుంది. మీ దేశపు చట్టం వేరు కావచ్చు, తెలివైన దారి మాత్రం ఎక్కడైనా ఒకటే. పేజీలు రెండు చేయండి. మనవరాలి ఫొటోలున్న చోట ఎవరినైనా బ్లాక్ చేసుకోండి. నీళ్లెప్పుడొస్తాయో చెప్పే చోట తిట్లు భరించండి. మరీ శ్రుతి మించితే ఆ వ్యాఖ్య దాచండి, మనిషిని బయటికి తోయకండి.

ప్రశ్న: పై అధికారి వీడియో కాల్ చేసి ఒక ఫైలు సంగతి అడిగారు. ముఖం ఆయనదే, తేడాగా అనిపించింది. నా భ్రమేనా?

భ్రమ కాకపోవచ్చు. 2022 జూన్‌లో అప్పటి బెర్లిన్ మేయర్ ఫ్రాంజిస్కా గిఫై, ఉక్రెయిన్ రాజధాని కీవ్ మేయర్ విటాలీ క్లిచ్కోతో మాట్లాడుతున్నాననుకుని ఆయనలా కనిపించిన మరెవరితోనో మాట్లాడారు. అలాంటి కాలే మాడ్రిడ్, వియన్నా మేయర్లకూ వెళ్లింది. వాళ్లకు సిబ్బంది ఉన్నారు, భద్రత ఉంది. అయినా అంతే. కాల్ కట్ చేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే తిరిగి చేయండి. నిజమైన అధికారికి కోపమొస్తే రానివ్వండి.

ప్రశ్న: నేను ఈసారి ఓడిపోయాను. వార్డు వాట్సాప్ గ్రూపు నేను పెట్టిందే. గెలిచినాయన అడ్మిన్ హక్కులు అడుగుతున్నాడు. ఇవ్వాలా?

ఇవ్వండి. మీ పార్టీవాళ్ల గ్రూపైతే మీ ఇష్టం. నీళ్లూ చెత్తబండీ కబుర్లు నడిచే గ్రూపు మీది కాదు, వార్డుది. పైగా ఆయన్ను అడ్మిన్ చేసి ఊరుకుంటే సరిపోదు. గ్రూపు మొదలుపెట్టిన మనిషిని మరో అడ్మిన్ తీసేయలేడు. ఓటర్లు మిమ్మల్ని దించేశారు గానీ, వాట్సాప్ దించదు. మీరే దిగాలి. ముందు ఆయన్ను అడ్మిన్ చేయండి, తర్వాత మీరు ఎగ్జిట్ నొక్కండి. ఈ వరుస తప్పనివ్వకండి. ఉన్న ఒక్క అడ్మినూ ముందే బయటికొచ్చేస్తే, గ్రూపులో ఎవరో ఒకరిని యాపే అడ్మిన్‌గా కూర్చోబెడుతుంది, ఓటింగ్ లేకుండా.